కౌలు మాట: వర్తక ఒప్పందాలు, సార్వభౌమాధికారం

అరబ్బీ భాషలో ‘ఖౌల్’ అనగా మాట, పలుకు. ఆ పదమే దఫ్తరాల ద్వారా తెలుగులో ప్రవేశించి ‘కౌలు’ అయింది. శ్రీకాళహస్తి ప్రాంతపు రైతును అడిగితే కౌలు అంటే ఏమిటో తేటగా చెబుతాడు: కొంత గడువుకు, కొన్ని షరతులకు లోబడి ఇచ్చే సాగు హక్కు. గడువు తీరిన తర్వాత భూమి ఇచ్చినవానిదే. దేశాల నడుమ జరిగే వర్తక ఒప్పందాలను కూడా ఈ పదంతోనే తూచి చూడవచ్చు.

తర్వాతి కాలంలో కాళహస్తి జమీందారులుగా ప్రసిద్ధి కెక్కిన దామెర్ల వంశానికి చెందిన వేంకటాద్రి నాయకుడు 1639లో ఆంగ్ల ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి ఫ్రాన్సిస్ డేకు ఒక పత్రం వ్రాసి ఇచ్చాడు. మద్రాసపట్నంలో కోట కట్టుకోవచ్చు, రెండేండ్ల పాటు ఆ ఊరి పాలన కంపెనీదే, అటుపిమ్మట రేవు రాబడిలో సగం దానిది, ఆ రేవులో దాని సరకుపై శాశ్వతంగా సుంకం లేదు, నాణెములు ముద్రించుకోవచ్చు. ఇవీ అందలి ముఖ్యాంశాలు. నాయకుని ఉద్దేశం స్పష్టమే. పులికాట్‌లో డచ్చివారి వర్తకం సాగుతున్నది. తన రేవు కూడా వర్ధిల్లాలి. అది తప్పు కోరిక కాదు.

కాని ఇచ్చినది ఏమిటో గమనించాలి. ముస్లిం రాజ్యాల చరిత్రలో ఖుత్బాలో పేరు, సిక్కాపై పేరు – ఈ రెండూ పాలకుని సార్వభౌమాధికారానికి గుర్తులు. సరకు కొని అమ్ముకొనే హక్కు వేరు. కోట, సిక్కా, సుంకం వేరు. మొదటిది వర్తకం, రెండవది రాజ్యం. ఆ పత్రంలో రెండూ కలిసిపోయాయి. రెండేండ్ల గడువు పెట్టిన పాలన మూడు శతాబ్దాలు దాటినా తిరిగి రాలేదు. ఆ ప్రాంతం గోల్కొండ చేతికి వచ్చిన తర్వాత, 1672లో కుదిరిన కౌలు ప్రకారం కంపెనీ ఏటా 1200 వరహాలు చెల్లించి మద్రాసును తన ఆధీనంలోనే ఉంచుకొన్నది.

బెంగాలులో ఈ సంగతి ఇంకా బాహాటమయింది. 1717లో మొగలు చక్రవర్తి ఫర్రుఖ్ సియర్ ఏటా 3000 రూపాయలకు బదులుగా కంపెనీ వర్తకానికి సుంకం మినహాయించాడు. కంపెనీ ఉద్యోగులు ఆ మినహాయింపును తమ సొంత వ్యాపారానికి కూడా వాడుకొన్నారు. దేశీయ వర్తకుడు సుంకం కట్టి నష్టపోయాడు. నవాబు మీర్ ఖాసిం ముందు రాజీకి ప్రయత్నించి, అది నెరవేరక 1763లో అందరికీ సుంకం రద్దు చేశాడు. తన ప్రజలకు తాను పన్ను మాఫీ చేయడాన్నే కలకత్తా కౌన్సిల్ సహించలేదు. యుద్ధం జరిగింది, 1764లో బక్సర్‌లో ఓటమి, 1765లో కంపెనీకి దివానీ. స్వంత పౌరునికి మేలు చేయడానికి పరాయివాని అనుమతి అవసరమైన నాడే సార్వభౌమాధికారం పోయినట్లు.

అయితే ఒప్పందమే చేసుకోరాదా? ఇస్లామీయ ధర్మశాస్త్రం అట్లా చెప్పదు. చేసిన ఒడంబడికను నిలుపుకోవడం విధి అంటుంది. హుదైబియా సంధి షరతులు ముస్లింలకు కష్టమనిపించినా మహాప్రవక్త (స) వాటిని పాటించారు. దానికి పదేండ్ల గడువు ఉండేది. విదేశీ వర్తకుల సుంకం గురించి అబూ మూసా అష్అరీ (రజి) అడిగినప్పుడు, మన వర్తకుల వద్ద వారెంత తీసుకుంటారో అంతే తీసుకొమ్మని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించినట్లు ఖాజీ అబూ యూసుఫ్ తమ ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేశారు. గడువు, పరస్పర సమానత – ఈ రెండు కొలబద్దలు అక్కడ కనిపిస్తాయి.

వీటితో నేటి పరిస్థితిని చూద్దాం. 1994లో మొరాకోలోని మర్రాకుష్ నగరంలో కుదిరిన ఒప్పందంతో 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది. ఇందులో షరతులు సభ్యులందరికీ వర్తిస్తాయి; ఆరు నెలల నోటీసుతో వైదొలగవచ్చు. కనుక ఇది 1639 నాటి పత్రం వంటిది కాదు. అయినా భారం లేకపోలేదు. దిగుమతులపై మన దేశం పెట్టిన పరిమాణ నియంత్రణలు నిబంధనలకు విరుద్ధమని 1999లో తీర్పు వచ్చింది. 2001 ఏప్రిల్ నాటికి చివరి 715 వస్తువులపై కూడా అవి తొలగిపోయాయి.

మరోవైపు ఆ ఒప్పందపు మేధో హక్కుల అధ్యాయాన్ని అనుసరించే 1999లో మన పార్లమెంటు భౌగోళిక గుర్తింపు చట్టం చేసింది. దాని కింద శ్రీకాళహస్తి కలంకారీ నమోదయింది. మరొక ఊరివారు ఆ పేరుతో తమ బట్ట అమ్మరాదు. కాని యంత్రంపై అచ్చువేసిన అనుకరణను వేరే పేరుతో అమ్మితే ఈ చట్టం అడ్డుకోలేదు. పేరుకు రక్షణ దొరికింది; కలం పట్టిన చేతికి కూలి గిట్టుబాటు చేసే పని మన ప్రభుత్వాలదే. ఒప్పందం కొంత చోటు వదులుతుంది; దానిని వాడుకొనే సామర్థ్యం కూడా సార్వభౌమాధికారంలో భాగమే.

ఇక మిగిలింది ప్రజల సంగతి. మన రాజ్యాంగం ప్రకారం వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోనిది. కాని 253వ అధికరణం మేరకు అంతర్జాతీయ ఒప్పందాల అమలు కోసం పార్లమెంటు ఏ విషయంపైనైనా చట్టం చేయవచ్చు. సంతకానికి ముందు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అంటే చిత్తూరు రైతు పంటకు సంబంధించిన మాట అతనికి గాని, అతని శాసనసభకు గాని తెలియకుండానే ఇచ్చివేయవచ్చు.

1639లో మద్రాసపట్నపు జాలరులను ఎవరూ అడగలేదు. అది రాచరికం. నేడు అడగవలసిన బాధ్యత ఉంది. కనుక ఏ ఒప్పందమైనా గడువెంత, ఇచ్చిపుచ్చుకోవడం సమానమా, తగవు వస్తే తీర్పు ఎవరిది, బయటికి దారి ఉందా అని విచారించాలి. అందుకు ఆ పత్రాలు సంతకానికి ముందే ప్రజల భాషలలో అందాలి. అనువాదకునిగా నేను కోరగలిగినది ఇదే: మాట ఇచ్చేది మన పేరుతో గనుక, ఆ మాట ఏమిటో మనకు మన భాషలో తెలియాలి.