కోత ఆమెకే

కుటుంబ నియంత్రణలో దక్షిణాది సాధించిన విజయం వెనుక, పాతికేళ్లకే ఆపరేషన్ బల్ల ఎక్కిన మహిళలున్నారు

ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ప్రతి పదిమంది మహిళల్లో ఏడుగురు కు.ని. ఆపరేషన్ చేయించుకున్నవారే. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన లెక్క ఇది. తెలంగాణలో వారు దాదాపు 62 శాతం. జాతీయ సగటు 38 శాతమే. ఇక మగవారి సంగతి అడక్కపోవడమే మేలు: దేశం మొత్తమ్మీద వేసెక్టమీ వాటా 0.3 శాతం.

ఎప్పుడూ ఇలాగే లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో జరిగిన 80 లక్షలకు పైగా ఆపరేషన్లలో దాదాపు మూడొంతులు మగవారికే చేశారు. బలవంతపు ఆపరేషన్ల ఆగ్రహం 1977 ఎన్నికల్లో బద్దలైంది. ఆ తర్వాత మగవారి జోలికి వెళ్లే సాహసం ఏ ప్రభుత్వమూ చేయలేదు. లక్ష్యాల భారమంతా మహిళలపై పడింది. వేసెక్టమీ తేలిక, ప్రమాదం తక్కువ, పరిహారం ఎక్కువ. అయినా 'బరువులు మోసేవాడు, బలహీనపడతాడు' అన్న మాటదే పైచేయి. ఆమె మోసే బరువులు ఎవరి లెక్కలోనూ లేవు.

ఫలితం, చాలా పల్లెల్లో ఆడపిల్ల జీవితానికి ఒకే నమూనా. త్వరగా పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోపాటే ఆపరేషన్. ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల మహిళల్లో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని అదే సర్వే చెప్పింది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం కోసం మాత్రలు, లూప్, 2017 నుంచి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్న 'అంతర' ఇంజెక్షన్ ఉన్నాయి. వాడేవారు తక్కువ. ఎప్పుడు, ఎన్ని అన్నది చాలాసార్లు అత్తగారో భర్తో తేలుస్తారు.

ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, సుఖవ్యాధులను కాదు. పిల్లల భయం పోయాక కండోమ్ ఊసుండదు, నర్సమ్మ కూడా ఆ గడప తొక్కాల్సిన పని ఉండదు. తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, కలయికలో మంట: ఇవి భర్తతోనే చెప్పుకోలేని విషయాలు. ఓర్చుకుని ఓర్చుకుని చివరికి ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు వెళ్తే, మందులతో తగ్గే జబ్బుకు కూడా 'సంచి తీసేద్దాం' అనే సలహా ఎదురుకావచ్చు. పిల్లలు పుట్టేశాక దాంతో పనేముంది అన్న వాదన ఆమెకూ సబబుగానే తోస్తుంది. దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో సుమారు 3 శాతం మందికి గర్భసంచి తొలగించగా, ఆంధ్రప్రదేశ్‌లో అది 9 శాతానికి చేరువలో ఉంది. తెలంగాణలో 8 శాతం. దేశవ్యాప్తంగా ఈ శస్త్రచికిత్సల్లో మూడింట రెండొంతులు ప్రైవేటులో జరిగినవే. అండాశయాలు కూడా తీసేస్తే ముప్ఫైల్లోనే ముట్లుడుగుతాయి. ఎముకలు బలహీనపడతాయి, యోని పొడిబారుతుంది, కోరిక తగ్గుతుంది. ఈ సంగతి ముందే విడమరచి చెప్పే వైద్యులు అరుదు.

కోర్టులు జోక్యం చేసుకోకపోలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో, ఒకే శిబిరంలో ఒకే రోజు 83 మందికి ఆపరేషన్లు చేశాక పలువురు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్లలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పమంది. అనవసరపు గర్భసంచి తొలగింపులపై కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఈలోగా గాలి మళ్లింది. రాష్ట్రంలో సంతాన సాఫల్య రేటు 1.7కి పడిపోయేసరికి, మరింతమందిని కనాలని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2024 అక్టోబరులో పిలుపునిచ్చారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే నిబంధన ఆ తర్వాతి నెలలోనే రద్దయింది. పిలుపు వినాల్సిన వయసులో ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఆపరేషన్ అయిపోయింది. దాన్ని తిరగదోడే శస్త్రచికిత్స ఉంది కానీ, అది ఫలిస్తుందన్న హామీ లేదు.