గర్భస్థ శిశువు చూపునకు రుబెల్లా ముప్పు

ఒంటిపై రెండు మూడు రోజులు సన్నని దద్దుర్లు, కొద్దిపాటి జ్వరం, చెవుల వెనుక బిళ్లలు కట్టడం.. సాధారణంగా రుబెల్లా లక్షణాలు ఇంతే. చాలామందికి అది సోకిన సంగతే తెలియదు. అదే వైరస్ గర్భిణికి తొలి నెలల్లో సోకితే కడుపులోని బిడ్డ కళ్లు, చెవులు, గుండె శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

తొలి మూడు నెలలే కీలకం

తల్లి రక్తంలో చేరిన వైరస్ మాయ ద్వారా శిశువును చేరుతుంది. కంటిలోని కటకం, గుండె రూపుదిద్దుకునేది తొలి వారాల్లోనే. అందువల్ల తొలి 12 వారాల్లో వ్యాధి సోకితే శిశువుకు హాని జరిగే అవకాశం 90 శాతం వరకు ఉంటుంది. 20 వారాల తర్వాత లోపాలు అరుదు. ఈ సంబంధాన్ని తొలిసారి గుర్తించినది ఆస్ట్రేలియా నేత్ర వైద్యుడు నార్మన్ గ్రెగ్. పుట్టుకతో శుక్లాలున్న 78 మంది శిశువులను పరిశీలించి, వారిలో 68 మంది తల్లులకు గర్భిణిగా ఉన్నప్పుడు రుబెల్లా సోకినట్లు 1941లో ఆయన వెల్లడించారు.

కంటిలో కనిపించే లోపాలు

పుట్టుకతో వచ్చే శుక్లం వీటిలో ప్రధానమైనది. ఒక కంటికి గానీ, రెండింటికీ గానీ రావచ్చు. కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా, కన్ను చిన్నదిగా ఉండటం, మెల్లకన్ను, కనుగుడ్లు అదేపనిగా ఊగడం కూడా ఉంటాయి. రెటీనాపై ఉప్పు, మిరియాల పొడి చల్లినట్లు మచ్చలు కనిపిస్తాయి. ఈ మచ్చల వల్ల చూపు సాధారణంగా అంతగా తగ్గదు.

తల్లిదండ్రులు గమనించాల్సినవి

నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనిపించినా, మూడు నెలలు వచ్చినా బిడ్డ తల్లి ముఖం వైపు చూడకున్నా, వెలుతురుకు కళ్లు మూసుకుని నీరు కారుస్తున్నా వెంటనే నేత్ర వైద్యునికి చూపించాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుకతో వచ్చే శుక్లం, వినికిడి లోపం, గుండె జబ్బులకు పరీక్షలు చేస్తారు.

ఆలస్యం చేస్తే చూపు దక్కదు

చూడటాన్ని మెదడు నేర్చుకునేది తొలి నెలల్లోనే. రెండు కళ్లలో దట్టమైన శుక్లాలుంటే రెండు నెలల వయసు లోపే శస్త్రచికిత్స చేయడం మేలు. 'పెద్దయ్యాక చేయిద్దాం' అని వాయిదా వేస్తే, తర్వాత శుక్లం తీసినా చూపు సరిగా రాదు. ఆపరేషన్ అనంతరం కళ్లద్దాలు తప్పనిసరి. గ్లకోమా తర్వాతైనా రావచ్చు కనుక ఏళ్ల తరబడి పరీక్షలు చేయించాలి. ఈ శిశువుల నుంచి ఏడాది వరకు వైరస్ వెలువడే అవకాశం ఉన్నందున గర్భిణులు దూరంగా ఉండాలి.

టీకాయే రక్ష

సోకిన తర్వాత శిశువును కాపాడే మందు లేదు. మీజిల్స్-రుబెల్లా టీకాను 9-12 నెలల మధ్య ఒకసారి, 16-24 నెలల మధ్య మరోసారి ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో 2017 ఆగస్టులో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు వారికి ప్రత్యేకంగా ఈ టీకా వేశారు. అప్పటికే ఆ వయసు దాటినవారు నేడు తల్లులయ్యే ఈడులో ఉన్నారు. టీకా వేయించుకోని యువతులు గర్భం ధరించకముందే వైద్యులను సంప్రదించాలి. గర్భిణులకు ఈ టీకా వేయరు. వేయించుకున్నాక కనీసం నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.