పనివాణ్ణి ఎవరు నడపాలి?

పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుంటే తుపాకులు పేల్చడమే పని అనుకునే పెద్దలు మనలో చాలామంది వున్నారు. సేద్యం చేయించే ఆటలు కూడా వున్నవి. 1991లో మొదట వెలువడిన ‘సివిలైజేషన్’ అటువంటిది. క్రీ.పూ. 4000లో ఒక చిన్న ఊరు కట్టి, వంతు వంతుకూ దాన్ని రాజ్యంగా పెంచుకుంటూ పోవాలి.

2005లో వచ్చిన నాలుగవ భాగం సంగతి చెప్తాను. అందులో పొలం దున్నేవాడూ, గని తవ్వేవాడూ, బాట వేసేవాడూ అంతా పనివాడే. ఒక్కడే వున్నప్పుడు వాడికి పని చెప్పడం సరదా. పాతికమంది అయ్యేసరికి, పెళ్ళింట వంటవాళ్ళు నిమిషానికొకసారి వచ్చి “అమ్మగారూ, ఇప్పుడేం చేయమంటారు?” అన్నట్లే వుంటుంది. విసిగిపోయి ఆడేవాడు ఒక మీట నొక్కుతాడు. అక్కణ్ణుంచి వాళ్ళ పని వాళ్ళే చూసుకుంటారు.

చిక్కు ఇక్కడే. ఆ ఆటలో ఒక కుటీరం వేస్తే, ఊరి జనం దాన్ని వాడుకుంటున్నకొద్దీ అది పెరుగుతుంది. మామూలు వేగంలో పది వంతులకు పల్లె, మరి ఇరవైకి గ్రామం, ఇంకో నలభైకి పట్నం. మొత్తం డెబ్బై వంతుల ఓపిక! తనంతట తాను తిరిగే పనివాడికి ఆ లెక్క పట్టదు. ఊరికి తిండి చాలదనిపిస్తే, ఆ పట్నాన్ని చెరిపి పొలం వేసినా వేస్తాడు. చేసినవారికీ యీ సంగతి తెలుసు కాబోలు, పాత కట్టడాల జోలికి పోవద్దనీ, అడవులు నరకవద్దనీ ముందే కట్టడి చేసే వీలు పెట్టారు. బాటలు వేయడం మాత్రం వాళ్ళకు వదిలేయవచ్చునని నా అభిప్రాయం. బాట ఒకటి వంకరపోతే కొంపలేమీ మునగవు.

అట్లాగని మనిషి చేయి పడితే అంతా భద్రమనీ అనలేం. మన బెంగుళూరులో మెజెస్టిక్ బస్‌స్టాండులో దిగేవారిని అడిగి చూడండి, తాము నిలబడ్డది ధర్మాంబుధి చెరువు గర్భంలోనని ఎందరికి తెలుసు? కెంపేగౌడ కాలానిదని చెప్పే చెరువు అది. దాన్ని పూడ్చినది ఏ యంత్రమూ కాదు, ఆలోచించి సంతకాలు పెట్టిన మనుషులే.

2016 నాటి ఆరవ భాగంలో పనివాడు మామూలుగా మూడు పనులు చేసి మాయమవుతాడు. వాణ్ణి వాడి మానాన వదిలే మీట లేదు. 2025లో వచ్చిన ఏడవ భాగంలో అసలు పనివాడే లేడు. ఊరు పెరిగినప్పుడు ఎక్కడ పెరగాలో ఆడేవాడు చూపిస్తే చాలు. తగాదా తీరింది గాని, నాకెందుకో వెలితిగా తోచింది.

జయనగరంలో మా మిత్రుని కుమారుడు ఇప్పటికీ నాలుగవ భాగమే ఆడుతాడు. ఇరవైమందిని వాళ్ళ మానాన వదిలి, రాజధాని దగ్గరి ఇద్దరిని మాత్రం తానే నడుపుతాడు. ఎందుకురా అని అడిగితే, “ఆ కుటీరాలు నేను మొదట్లో వేసినవి బాబాయిగారూ, ఇంకా పన్నెండు వంతులుంటే పట్నమవుతాయి” అన్నాడు తెర మీదనుంచి చూపు తిప్పకుండానే.