ఎల్డెన్ రింగ్‌లో మాటిమాటికీ చస్తున్నారా? ముందు రూన్‌ల లెక్క చూసుకోండి

జపాన్‌కు చెందిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిన ఎల్డెన్ రింగ్ ఇప్పటికీ మన కుర్రాళ్ల నోట్లో నానుతూనే ఉంది. దర్శకుడు హిదెటాకా మియాజాకి. కథకు పునాదిగా ఉన్న పురాణాన్ని 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' రచయిత జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాశారు. ఆ ఏడాది ద గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ బహుమతి కూడా దీనికే వచ్చింది. ఇన్ని పేర్లు విని, వేలు పోసి కొనుక్కున్న పిల్లలు మొదటి వారంలోనే చేతులెత్తేస్తున్నారు. ఎందుకంటే ఇందులో ఈజీ మోడ్ లేదు. తెర మీద ఎర్ర అక్షరాలతో 'యూ డైడ్' అని పడుతూనే ఉంటుంది.

"నాకు చేతి వేగం లేదు భాయ్" అని చాలామంది అంటారు. వేళ్ల వేగం కొంతవరకే పనికొస్తుంది. ఈ ఆటలో ఎక్కువ చావులు కత్తి దుయ్యకముందే ఖాయమైపోతాయి. తక్కువ ప్రాణంతో, జేబునిండా రూన్‌లతో, బుర్రనిండా కోపంతో లోపలికి వెళ్లేవాడు ఎంత చురుకైనవాడైనా నిలబడడు.

ఆట ఈ పాఠం మొదటి అరగంటలోనే చెబుతుంది. గుహలోంచి బయటికి రాగానే లిమ్‌గ్రేవ్ అనే పచ్చటి ప్రాంతం. కొద్ది దూరంలో బంగారు కవచం తొడిగిన రౌతు ఒకడు గుర్రం మీద పచార్లు చేస్తుంటాడు. పేరు ట్రీ సెంటినెల్. కొత్తవాళ్లు నేరుగా వాడి మీదకే వెళ్తారు, రెండు మూడు దెబ్బల్లో పోతారు, మళ్లీ వెళ్తారు. వాణ్ణి ఇప్పుడే చంపమని ఎవరు చెప్పారు? చెట్ల వెంట చుట్టు తిరిగి ముందుకు పోవచ్చు. టోరెంట్ అనే గుర్రం మనకూ దొరుకుతుంది. అది దొరికాక, బలం పెరిగాక తిరిగి రావచ్చు. తప్పుకుని పోవడం కూడా ఈ ఆటలో ఒక ఎత్తే.

ఇక రూన్‌ల సంగతి. శత్రువును చంపితే రూన్‌లు వస్తాయి. సరుకు కొనడానికీ అవే, లెవెల్ పెంచుకోవడానికీ అవే. చనిపోతే చేతిలో ఉన్నవన్నీ అక్కడే పడిపోతాయి. తిరిగి వెళ్లి ఏరుకోవచ్చు. కానీ వాటిని చేరేలోపు ఇంకోసారి చస్తే ఇక అవి శాశ్వతంగా పోయినట్టే. బీకాం చదివినవాణ్ణి కాబట్టి నాకిది దుకాణం గల్లాలా కనిపిస్తుంది. తెలివైన వ్యాపారి ఎవడూ వారం రోజుల నగదు గల్లాలో పెట్టుకుని కూర్చోడు. సాయంత్రానికి సరుకులో పెడతాడు, లేదా భద్రంగా దాస్తాడు. ఇక్కడా అంతే. బాస్ ఉన్న గదిలోకి వెళ్లే ముందు సైట్ ఆఫ్ గ్రేస్ దగ్గర కూర్చుని లెవెల్ పెంచుకోండి. చాలకపోతే బాణాలో, ఆయుధానికి పదును పెంచే స్మితింగ్ స్టోన్‌లో కొనేయండి. ఖాళీ జేబుతో చచ్చినవాడికి పోయేదేమీ లేదు.

దాచుకోవడానికి కూడా దారి ఉంది. గోల్డెన్ రూన్ అనే వస్తువులు దారిలో దొరుకుతుంటాయి. వాటిలో చిన్నదాన్ని పగలగొడితే 200 రూన్‌లు వస్తాయి, పెద్దవాటికి ఇంకా ఎక్కువ. సంచిలో ఉన్నంతకాలం చావు వాటిని ముట్టదు, బీరువాలో బంగారంలా ఉంటాయి. లెవెల్‌కు కొంచెం తక్కువ పడినప్పుడు గ్రేస్ దగ్గరే కావలసినన్ని పగలగొట్టుకుంటే సరి. దొరికిన వెంటనే పగలగొట్టి ఆ రూన్‌లు జేబులో వేసుకుని తిరగడం శుద్ధ దండగ.

పడిపోయిన రూన్‌ల కోసం గుడ్డిగా పరుగెత్తడం ఇంకో రోగం. పోయినవి రెండు వేలే అయినా, వాటి కోసం అదే గుంపులోకి అదే తొందరతో దూకి మళ్లీ చస్తారు. ఆ మొత్తం వేరే చోట తేలికైన సైనికులను కొట్టి కాసేపట్లో సంపాదించుకోవచ్చు. పోయినదాన్ని పోనివ్వగలిగితే ఆట సగం తేలికవుతుంది.

చేతికొచ్చిన రూన్‌లు దేనిమీద పెట్టాలి? కొత్తవాళ్లు బలం, మంత్రశక్తి లాంటి దాడి లెక్కలు పెంచుకుంటారు. నా ఓటు మాత్రం ముందు వైగర్‌కే. వైగర్ అంటే ప్రాణం, తెర మీద కనిపించే ఎర్ర గీత. ఆట మొదలుపెట్టేటప్పుడు ఎంచుకునే తరగతుల్లో వాగాబాండ్‌కు వైగర్ 15 ఉంటుంది, ఆస్ట్రాలజర్‌కు 9 మాత్రమే. దాన్ని 40కి తీసుకెళ్తే ప్రాణం 1450 అవుతుంది. 60కి తీసుకెళ్తే 1900. అక్కడి నుంచి 99 దాకా లాగినా వచ్చేది 2100. అంటే 40 తర్వాత ఇరవై లెవెల్స్‌కు 450 వస్తే, 60 తర్వాత ముప్పై తొమ్మిది లెవెల్స్‌కు 200 మాత్రమే. డిగ్రీ మొదటి ఏడాదిలో చదువుకున్న క్షీణోపాంత ప్రయోజన సూత్రమే ఇది. పైగా లెవెల్ పెరిగేకొద్దీ దాని ధర కూడా పెరుగుతుంది. కాబట్టి మొదటి పెద్ద బాస్ దగ్గరికి వైగర్ కనీసం 20తో వెళ్లండి, ఆట మధ్యకు వచ్చేసరికి 40 చేసుకోండి, 60 దాటాక ఆపేయండి.

దెబ్బ బరువు పెరగాలంటే లెవెల్ కంటే ఆయుధానికి పెట్టే ఖర్చే ముందు పనికొస్తుంది. చర్చ్ ఆఫ్ ఎల్లేలో ఉన్న కమ్మరి దాగలి మీద ఏ మామూలు కత్తినైనా మూడు మెట్లు పెంచుకోవచ్చు. గాయం మాన్పే ఎర్ర సీసాలు కూడా ఇంతే. గోల్డెన్ సీడ్‌లు ఏరుకుంటే సీసాల సంఖ్య పెరుగుతుంది, చర్చిల్లో దొరికే సేక్రెడ్ టియర్‌తో ఒక్కో గుక్క బలం పెరుగుతుంది. మంత్రాలు వాడనివాళ్లు నీలం సీసాను కూడా ఎర్రదానికి మార్చేసుకోవచ్చు. ఒకటి చాలు, స్పిరిట్‌ను పిలవడానికి కొంత నీలం కావాలి.

ఇప్పుడు అసలు పోరాటం. స్టార్మ్‌వెయిల్ కోట ముందు వంతెన మీద మార్గిట్ అనే కొమ్ములవాడు కాపు కాస్తుంటాడు. ఎంతోమంది ఆగిపోయేది ఇక్కడే. వీడి ఎత్తు ఒక్కటే, ఆలస్యం. కర్ర పైకెత్తి కొట్టకుండా అలాగే ఉంచుతాడు. మనం కంగారుపడి దొర్లేస్తాం, లేచేసరికి అప్పుడు కొడతాడు. కర్ర లేచినప్పుడు కాదు, కిందికి దిగడం మొదలైనప్పుడు దొర్లాలి. దొర్లే క్షణంలో కొంతసేపు మనకు దెబ్బ అస్సలు తగలదు. అందుకే వెనక్కి పారిపోవడం కంటే వాడి వైపే, పక్కగా దొర్లితే మేలు. దెబ్బ మన మీదుగా పోతుంది, లేచేసరికి వాడి వీపు ఎదురుగా ఉంటుంది. ఒళ్లంతా ఇనుము తొడుక్కుంటే ఇది కుదరదు. మోసే బరువు 70 శాతం దాటితే మూట కిందపడ్డట్టు దొర్లుతారు.

వీపు దొరికింది కదా అని నాలుగు దెబ్బలు వేయకండి. ఒకటి, మహా అయితే రెండు. ఆకుపచ్చ గీత స్టామినా. కొట్టినా, దొర్లినా, డాలుతో ఆపినా అదే ఖర్చవుతుంది. మూడో దెబ్బ వేసినవాడికి తప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఆడేవాళ్లంతా దీన్ని గ్రీడ్ అంటారు, మన ఇళ్లలో లాలచ్ అంటాం. బాస్ ప్రాణం ఇంత సన్నగా మిగిలినప్పుడు ఎక్కువమంది చచ్చేది ఈ మూడో దెబ్బ దగ్గరే. మందు తాగడంలోనూ అదే జాగ్రత్త. దూరంగా ఉన్నాం కదా అని తాగితే మార్గిట్ బాకు విసురుతాడు. వాడు పెద్ద దెబ్బ వేసి నిలదొక్కుకునేటప్పుడే తాగాలి.

దొర్లడం చేతకానివాళ్లు డాలు పట్టుకోవచ్చు. మామూలు దెబ్బను 100 శాతం ఆపే డాలు చూసుకోండి. దెబ్బ ఆపిన వెంటనే బరువైన దాడి బటన్ నొక్కితే గార్డ్ కౌంటర్ పడుతుంది, శత్రువు తూలిపోతాడు. డాలు ఎత్తి ఉంచితే స్టామినా నెమ్మదిగా నిండుతుంది, అందుకని దెబ్బకూ దెబ్బకూ మధ్య దించుతూ ఉండాలి.

సాయం తీసుకోవడానికి సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. టోరెంట్ దొరికాక రాత్రిపూట చర్చ్ ఆఫ్ ఎల్లేకు వెళ్తే రెన్నా అనే మంత్రగత్తె ఒక గంట ఇస్తుంది. దాంతో మూడు తోడేళ్లను పిలవొచ్చు. బాస్ వాటి వైపు తిరిగిన ప్రతిసారీ మనకు ఊపిరి తీసుకునే వీలు దొరుకుతుంది. మార్గిట్ గుమ్మం బయట బంగారు గుర్తు తాకితే రోజియర్ అనే మాంత్రికుడు తోడు వస్తాడు. మర్క్‌వాటర్ గుహలో ప్యాచెస్ అనే దొంగ ఉంటాడు. వాడు లొంగిపోయినప్పుడు చంపకుండా వదిలేస్తే దుకాణం పెడతాడు. 5000 రూన్‌లకు ఒక సంకెల అమ్ముతాడు. పోరాటం మొదటి భాగంలో అది మార్గిట్‌ను రెండుసార్లు నేలకు కట్టేస్తుంది. "అలా గెలిస్తే గెలుపే కాదు" అనేవాళ్ల మాట పట్టించుకోనక్కర్లేదు. వాటిని ఆటలో పెట్టింది తయారుచేసినవాళ్లే.

2024 జూన్‌లో షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే అదనపు భాగం వచ్చినప్పుడూ ఇదే కథ నడిచింది. అంతకుముందు ఆట పూర్తిచేసిన మొనగాళ్లు కూడా మరీ కష్టంగా ఉందని గగ్గోలు పెట్టారు. అక్కడ బలం లెవెల్‌తో కాదు, స్కాడూట్రీ ముక్కలతో పెరుగుతుంది. చాలామంది వాటిని ఏరకుండానే బాస్ మీదకి వెళ్లారు. చివరికి కంపెనీ అప్‌డేట్ ఇచ్చి, మొదట్లో దొరికే ముక్కల ప్రభావం పెంచాల్సి వచ్చింది.

తల్లిదండ్రులకు రెండు మూడు విషయాలు. దీనికి యూరప్‌లో 16 ఏళ్లు, అమెరికాలో 17 ఏళ్లు దాటినవాళ్లకు అన్న రేటింగ్ ఉంది. రక్తపాతం బాగానే ఉంటుంది, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. ఆట లోపల అసలు డబ్బుతో రూన్‌లు కొనే ఏర్పాటు లేదు. కాబట్టి రూన్‌ల కోసం మీ కార్డు నంబర్ కావాలని పిల్లవాడు అడిగితే, అమ్మేవాడు ఎవడో బయటివాడని అర్థం. ఇవ్వొద్దు. అన్నానికి పిలిచినప్పుడు "ఇప్పుడు ఆపలేను అమ్మీ" అంటే అది పూర్తిగా సాకు కాదు, ఇందులో మామూలు పాజ్ బటన్ లేదు. మెనూలోంచి ఆట నుంచి బయటికి వచ్చేయొచ్చు, ఎక్కడిదక్కడ సేవ్ అవుతుంది. బాస్‌తో పోరాటం మధ్యలో వస్తే ఆ ఒక్క పోరాటం మళ్లీ మొదటి నుంచి ఆడాలి, సంపాదించిన రూన్‌లు మాత్రం పోవు.