గడ్డి కోసే పాత యంత్రం కొంటున్నారా? స్టార్టయిందని మోసపోకండి!

కడియం: రంగు వేసి నిగనిగలాడుతున్న యంత్రం ఒకటి. తాడు ఒక్కసారి లాగితే చాలు, బుర్రుమని అందుకుంటోంది. దాని పక్కనే దుమ్ము కొట్టుకుపోయి, పదిసార్లు లాగినా ఉలుకూ పలుకూ లేని యంత్రం మరొకటి. మొదటిదాని ధర రెండోదానికి మూడింతలు. రాజమండ్రిలో పాత సామాను కొట్టు ముందు నిలబడిన కడియం ప్రాంతపు తోటమాలి ఒకరు సహజంగానే మొదటిదాని మీద చెయ్యి వేశారు. వెంట వచ్చిన స్కూటరు మెకానిక్కు రెండింటినీ పక్కకు వాల్చి అడుగు భాగం చూశాడు. "బాబాయ్, అది వద్దు. ఈ దుమ్ముది తీసుకో" అన్నాడు. కొట్టు యజమానికి నవ్వొచ్చింది. తోటమాలికి మాత్రం నవ్వు రాలేదు. జేబులో వున్నది వడ్డీకి తెచ్చిన సొమ్ము మరి.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలతోబాటు పచ్చిక చాపలు కూడా లారీలెక్కి ఊళ్లు తిరుగుతున్నాయి. ఆస్పత్రులు, కాలేజీలు, కల్యాణ మండపాలు, అపార్టుమెంట్లు అన్నింటికీ ముందు కాస్త లాను కావాలి. పరిచిన లాను వానాకాలంలో వారం తిరిగేసరికి జడలు కడుతుంది. పెద్ద కత్తెరతో గొంతుక్కూర్చుని కోసే మనిషికి పగలంతా పట్టే పని యంత్రం వున్న మనిషికి గంట, రెండు గంటల్లో అయిపోతుంది. సొంత యంత్రం వున్నవారికే పని దొరుకుతున్నదని తోటమాలీల మాట. కొత్త పెట్రోలు యంత్రమంటే పదుల వేల రూపాయల వ్యవహారం. అందుకే పాతవాటి కోసం తిరుగుతున్నారు. తిరిగినవారిలో దెబ్బ తిన్నవారూ తక్కువేమీ కాదు.

దెబ్బ తినడానికి కారణం ఒక్కటే. ఇంజను పలికిందా లేదా అన్నదే చూస్తున్నారు. పలకని ఇంజనును పలికించడం చాలాసార్లు చిల్లర ఖర్చు. చక్కగా పలికే ఇంజను కింద షాఫ్టు వంగి వుంటే దానికి మందు లేదు.

షాఫ్టు వంగిందా?

తోసుకుంటూ నడిచే ఈ యంత్రాల్లో ఎక్కువవాటికి ఇంజను నిలువుగా కూర్చుని వుంటుంది. దాని క్రాంక్ షాఫ్టు కిందికి దిగి, రేకు డొప్ప లోపల బ్లేడును నేరుగా తిప్పుతుంది. మధ్యలో బెల్టు లేదు, గేరు లేదు. బ్లేడు రాయికో, నీటి గొట్టానికో, చెట్టు మొదలుకో తగిలితే ఆ దెబ్బంతా షాఫ్టుకే. వెంట్రుకవాసి వంగినా యంత్రం వణుకుతుంది. ఆ వణుకుకు బోల్టులు వదులవుతాయి, బేరింగు తావు అరుగుతుంది, ఆయిలు కారుతుంది. తోసేవారి చేతులు సాయంత్రానికి తిమ్మిరెక్కుతాయి.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ముందుగా ప్లగ్గు వైరు లాగి దూరంగా కట్టాలి. ఇది మరిచిపోయి బ్లేడు తిప్పినవారికి వేళ్లు మిగలవు. చేత్తో బ్లేడు తిప్పినా ఒక్కోసారి ఇంజను అందుకుంటుంది. తర్వాత ట్యాంకు మూత బిగించి యంత్రాన్ని వాల్చాలి. ఎటు పడితే అటు వాల్చరాదు. గాలి ఫిల్టరు, కార్బొరేటరు పైకి వుండేటట్టు వాల్చాలి. లేకపోతే ఆయిలు ఫిల్టరులోకి వచ్చి, తరవాత స్టార్టు చేసినప్పుడు తెల్లని పొగ కమ్ముకుంటుంది. అదేదో ఇంజను పోయిన పొగ అనుకుని మంచి యంత్రాన్ని వదిలేసి వెళ్లినవారూ వున్నారు.

డొప్ప అంచు మీద ఒకచోట సుద్దతో గీత పెట్టాలి. బ్లేడు ఒక కొన ఆ గీత దగ్గరకు తెచ్చి, అంచుకూ కొనకూ మధ్య ఎత్తు పుల్లతో కొలవాలి. బ్లేడును సగం చుట్టు తిప్పి, రెండో కొనను అదే గీత దగ్గర కొలవాలి. తేడా 3 మిల్లీమీటర్లు మించితే బ్లేడన్నా వంగింది, షాఫ్టన్నా వంగింది. ఏది వంగిందో తేలాలంటే ప్లగ్గు ఊడదీసి, ఒకరు తాడును నెమ్మదిగా లాగుతుంటే మరొకరు దూరం నుంచి బ్లేడు బోల్టు తలనే చూడాలి. తల వున్నచోటనే తిరిగితే షాఫ్టు మంచిదే, బ్లేడు మారిస్తే సరిపోతుంది. తల చక్కర్లు కొడితే షాఫ్టు వంగినట్టే.

రాజమండ్రి కొట్టు ముందు మెకానిక్కు చూసిందిదే. నిగనిగలాడే యంత్రం బోల్టు తల బొంగరం అడుగులా ఊగింది.

వంగిన షాఫ్టును సుత్తితో కొట్టి సరిచేస్తామనే ఘనులు ప్రతి ఊళ్లోనూ వున్నారు. అలా చేయించుకోవద్దు. కొట్టినచోట కంటికి కనిపించని పగులు మిగలవచ్చు. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే దాని కొన వేగం గంటకు 300 కిలోమీటర్లు. ఆ వేగంలో షాఫ్టు విరిగితే బ్లేడు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. అవతల బడిపిల్లలు ఆడుకుంటూ వుండవచ్చు.

పలకని ఇంజనుకు జబ్బు ఎక్కడ?

నూటికి ఎన్నోసార్లు జబ్బు పెట్రోలులోనే వుంటుంది. మన ప్రాంతంలో యంత్రానికి పని తొలకరి నుంచి కార్తీకం దాకా. తరవాత మూలన పెడతారు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై, కార్బొరేటరు గిన్నెలో జిగురు పేరుకుంటుంది. ఆ జిగురు సూదిమొన పట్టే జెట్టు రంధ్రాన్ని మూసేస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలోని చెమ్మను లాక్కుంటుంది. చెమ్మ ఎక్కువైతే నీరు కలిసిన ఇథనాల్ అడుగుకు దిగి, అల్యూమినియం గిన్నెలో తెల్లని పొడి కడుతుంది. పాత యంత్రాల్లో చాలావాటికి పది శాతం ఇథనాల్ మించరాదని తయారీదార్లే చెప్పారు. రబ్బరు గొట్టాలు ఉబ్బడం, చిట్లడం అందువల్లనే.

దీనికి వైద్యం సులువు. గిన్నె కింది బోల్టు విప్పితే గిన్నె చేతికి వస్తుంది. జెట్టు ఊడదీసి, సన్నని రాగి తీగతో మెల్లగా పొడిచి, పంక్చరు కొట్టులో గాలి పట్టిస్తే సరిపోతుంది. ఇనప పుల్ల పెట్టి రంధ్రాన్ని పెద్దది చేస్తే పెట్రోలు తాగుడు మొదలవుతుంది, నల్లపొగ తోడవుతుంది. పాత పెట్రోలు పారబోసి కొత్తది పోయాలి. ఇకమీదట నెలకు పైగా పని లేదనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, గిన్నెలోదీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆపాలి. ఈ ఒక్క జాగ్రత్త తీసుకునే తోటమాలీలు మెకానిక్కు గడప తొక్కేది తక్కువ.

తరవాత ప్లగ్గు. నల్లబడితే తుడవాలి. మొనల మధ్య సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు వుండాలి. కొత్తది వేసినా పెద్ద ఖర్చు కాదు. గాలి ఫిల్టరు స్పాంజిది అయితే సబ్బు నీటితో కడిగి ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిలు పిండి పెట్టాలి. కాగితపుదైతే మార్చడమే. ఇంజను మీది మూత విప్పి రెక్కల మధ్య ఇరుక్కున్న ఎండుగడ్డి కూడా తీసెయ్యాలి. ఇది గాలితో చల్లబడే ఇంజను, గాలి ఆడకపోతే కాలిపోతుంది.

పెట్రోలు సరిగా వుండి, ప్లగ్గులో నిప్పురవ్వ వచ్చి, అయినా పలకదు. లేదా తాడు లాగితే చెయ్యి వెనక్కు గుంజి కొడుతుంది. అప్పుడు చాలామంది కార్బొరేటరునే పదిసార్లు విప్పుతారు. చూడవలసింది ఫ్లైవీలు కింద. ఫ్లైవీలునూ షాఫ్టునూ కలిపి పట్టే కీ అనే చిన్న లోహపు ముక్క ఒకటి వుంటుంది. బ్లేడు రాయికి తగిలి షాఫ్టు ఠక్కున ఆగినా బరువైన ఫ్లైవీలు ఆగదు. ఆ తోపుకు కీ కొంచెం తెగుతుంది. నిప్పురవ్వ వేళ తప్పుతుంది. కొత్త కీకి అయ్యేది అతి స్వల్పం. కొన్ని కంపెనీలు దీన్ని కావాలనే మెత్తని లోహంతో చేస్తాయి, దెబ్బ దాని మీద పోవాలని. గట్టి ఉక్కు ముక్కను అరగదీసి పెట్టడం తెలివి కాదు. కీ తెగిందంటే ఆ యంత్రం దేన్నో ఢీకొట్టిందని కూడా అర్థం. మళ్లీ వెనక్కు వెళ్లి బోల్టు తల చూసుకోవాలి.

ఇక నిజంగా భయపడవలసినవి వేరే వున్నాయి. ఇంజను వేడెక్కాక కూడా ఆగని నీలిపొగ వస్తే రింగులు పోయినట్టు. తాడు లాగితే ఏ పట్టూ లేకుండా నూలు దారంలా వస్తే కంప్రెషన్ లేనట్టు. ఆయిలు పుల్ల తీసి చూస్తే మజ్జిగలా వుంటే నీరు చేరింది, మిలమిలలాడితే లోపల లోహం అరుగుతోంది. ఆయిలు పెట్రోలు వాసన కొడితే కార్బొరేటరు సూది కారుతోంది, అది చిన్న విషయమే. అమ్మేవారు ముందే స్టార్టు చేసి వేడి చేసి వుంచితే ఒప్పుకోవద్దు. చల్లారేదాకా కూర్చుని, మళ్లీ లాగించి చూడాలి. టీ తాగి వచ్చేలోపు చల్లారిపోతుందిలే అనుకోవద్దు, గంట పడుతుంది.

తీగతో కట్టిన మీట

హ్యాండిలుతోబాటు పట్టుకునే మీట ఒకటి వుంటుంది. దాన్ని వదిలేస్తే బ్లేడు ఆగాలి. అమెరికాలో 1982 నుంచి అమ్మే యంత్రాల్లో మీట వదిలిన 3 సెకన్లలో బ్లేడు ఆగి తీరాలని నిబంధన వుంది. మన పాత బజారుకు వచ్చేసరికి చాలా యంత్రాల్లో ఆ మీట తీగతో బిగించి కట్టి కనిపిస్తుంది. పట్టుకుని వుండడం చెయ్యి నొప్పి అని కట్టినవారి సమాధానం. చుట్టుకున్న తడిగడ్డిని తీయడానికి చెయ్యి పెట్టే అలవాటు, కాళ్లకు హవాయి చెప్పులు, పైగా కట్టేసిన మీట. ఇంతకంటె ప్రమాదం వేరే అక్కర్లేదు. కొన్న వెంటనే ఆ తీగ కత్తిరించి, కేబులు సాగితే మార్చుకోవాలి. సైకిలు షాపులో బ్రేకు తీగతోనే పని జరిగిపోతున్న సందర్భాలు వున్నాయి.

డొప్పను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడాలి. తుప్పుపట్టి మొన లోపలికి దిగితే, చక్రాలు బిగించేచోట పగులు వుంటే బేరం మానుకోవడం మేలు. బ్లేడును రెండువైపులా సమానంగా అరగదీసి, నడిమి రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడాలి. అడ్డంగా నిలిస్తే సరే, ఒకవైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. ఇంత చేసి బ్లేడును తిరగేసి బిగించేవారున్నారు! వంపు తిరిగిన రెక్కలు పైకి, డొప్పవైపు వుండాలి. అవే గడ్డిని లేపి నిలబెట్టేవి.

పాత బంగళాల వేలాల్లో ఇంజను లేని, చేత్తో తోసే రోలరు యంత్రాలు కూడా తుక్కు కింద వస్తుంటాయి. ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంటు పొందిన మొదటి గడ్డి యంత్రం ఈ తరహాదే. బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. వీటిని తక్కువగా చూడకూడదు. పెట్రోలు ఖర్చు లేదు, చిన్న లానుకు కోత నునుపుగా వుంటుంది. పరీక్ష కూడా సులువే. పాత దినపత్రిక ముక్కను తిరిగే కత్తులకూ, కింది పట్టీకీ మధ్య పెట్టి నెమ్మదిగా తిప్పాలి. పొడుగునా కత్తెర వేసినట్టు తెగాలి. నలిగితే రెండు చివరల మరలు బిగించాలి. అయినా తెగకపోతే వాల్వులు రుద్దే గ్రైండింగ్ పేస్టు రాసి కత్తులను వెనక్కు తిప్పాలి. పట్టీ విరిగితే మాత్రం దొరకడం కష్టం.

కరెంటువి దొరికినా వైరు అతుకులు, కాలిన వాసన చూసుకుని కొనాలి. తడిగడ్డి మీద వాటిని నడపడమే వద్దు.

కొనడానికి అదను ఎండాకాలం. మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాయంటే అదే యంత్రానికి ధర లేస్తుంది. వేలంలో వచ్చిన యంత్రమైతే రసీదు అడిగి తీసుకోవాలి. ఏ సంస్థ సామానో అని రేపు ఎవరైనా ఆరా తీస్తే చూపించడానికి కాగితం వుండాలి.

దుమ్ము కొట్టుకున్న యంత్రాన్ని తోటమాలి ఆటోలో ఇంటికి తెచ్చుకున్నారు. గిన్నెలో జిగురు తీసి, ప్లగ్గు, ఫిల్టరు మార్చి, బ్లేడు సానపట్టించేసరికి ఒక పూట పట్టింది. మూడోసారి తాడు లాగేసరికి పలికింది. మరునాడు ఒక ఆస్పత్రి లాను కోయడానికి వెళుతూ ఆయన కొత్తగా కొన్నది బూట్లు మాత్రమే.