తెల్లమచ్చ వైరస్: ఎన్ని మందులు పోసినా రొయ్య ఎందుకు చస్తుంది?

ఈసారి మా ఊరి కబురుతో మొదలుపెడతా. మాది మోపిదేవి. స్వామి గుడికి వచ్చినవాళ్లలో చాలామంది అక్కణ్ణుంచే వెనక్కి తిరుగుతారు గానీ, అవనిగడ్డ దాటి నాగాయలంక, కోడూరు వైపు వెళ్తే రొయ్యల చెరువులు మొదలవుతాయి. అందులో ఒక రెండెకరాల చెరువు మా బాబాయి లీజుకి తీసుకున్నాడు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నా.

ఓ జనవరి పొద్దున బాబాయి ఫోన్. "ఒరే, చెక్ ట్రేలో మేత వేసింది వేసినట్టే ఉందిరా. నాన్నని తీసుకుని రా." బండి మీద వెళ్లాం. రొయ్యలు గట్టు వారకి వచ్చి నీరసంగా తేలుతున్నాయి. ఒళ్లు ఎర్రబారింది. ఒకదాని తల మీది పెంకు ఊడదీసి వెలుతురుకి పెట్టి చూస్తే సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు.

బాబాయి షాపువాళ్లు ఇచ్చినవన్నీ తెచ్చాడు. నీళ్లలో పోసేవి పోశాడు, యాంటీబయాటిక్ పొడి మేతలో కలిపాడు. అసలు మేతే తినని రొయ్యకి మేతలో మందేంటో నాకిప్పటికీ అర్థం కాదు. మూడో రోజుకి చెరువు అడుగంతా చచ్చిన రొయ్యే. ఆ రాత్రి ఇంకో పని జరిగింది, అది చివర్లో చెప్తా. ముందు ఆ మందులు ఎందుకు పనిచెయ్యలేదో చూద్దాం.

బాక్టీరియా అంటే ఒక కణం. తనకి కావాల్సిన ప్రొటీన్లు తనే తయారు చేసుకుంటుంది, తనంతట తనే రెండుగా చీలుతుంది. వైరస్‌కి ఆ సరంజామా ఏదీ లేదు. లోపల జన్యు పదార్థం ఉంటుంది, అది డీఎన్ఏ అయినా కావచ్చు, ఆర్ఎన్ఏ అయినా కావచ్చు. దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు. కొన్ని వైరస్‌లకి ఆ పైన పల్చటి కొవ్వు పొర కూడా. అంతే. నీళ్లలో ఉన్నంతసేపు అది తినదు, పెరగదు, పిల్లల్ని పెట్టదు. వంటిల్లు లేని వంటల పుస్తకం అనుకోండి.

తెల్లమచ్చ వైరస్‌ని పొట్టిగా డబ్ల్యూఎస్ఎస్‌వీ అంటారు. కోలగా ఉంటుంది, ఒక చివర తోక లాంటిది ఒకటి. పొడవు సుమారు 300 నానోమీటర్లు. మీ తల వెంట్రుక మందానికి అడ్డంగా పేరిస్తే రెండు మూడు వందలు పడతాయి. అయినా వైరస్‌లలో ఇది పెద్దదే. కరోనా వైరస్ జన్యువుల పొడవు సుమారు 30 వేల అక్షరాలైతే, దీని డీఎన్ఏలో సుమారు 3 లక్షల అక్షరాల జతలు ఉంటాయి. అదంతా ఉంగరంలా చుట్టుకుని ఉంటుంది.

ఇది రొయ్యలోకి రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి నీళ్ల ద్వారా మొప్పలకి తగిలి. రెండోది నోటి ద్వారా, ఎందుకంటే రొయ్య చచ్చిన రొయ్యని పీక్కుతింటుంది. చెరువులో ఒకటి చస్తే పది దాని మీద చేరతాయి. ఎకరానికి లక్ష పైన పిల్ల వేసిన చోట ఆ లెక్క ఎక్కడికి పోతుందో మీరే వేసుకోండి.

కణం దగ్గరికి వచ్చాక తలుపు తీయించుకోవాలి కదా. కరోనా విషయంలో స్పైక్ ప్రొటీన్ అని టీవీలో వినీ వినీ ఉన్నాం, అది మన కణాల మీదుండే ఏస్2కి అతుక్కుంటుంది. తెల్లమచ్చ వైరస్ పై పొరలో ఆ తరహా పనికి వీపీ28 అనే ప్రొటీన్ బాగా ఉపయోగపడుతుంది. వైరస్ అతుక్కోగానే కణం మోసపోతుంది. ఏదో పనికొచ్చే సరుకు వచ్చిందనుకుని పైపొరని లోపలికి గుంట చేసి, చిన్న సంచిలా మూసి, తనే లోపలికి తీసుకెళ్తుంది. ఆ సంచి లోపల పులుపు పెరుగుతుంది. అప్పుడు వైరస్ కొవ్వు పొర సంచి పొరతో కలిసిపోయి, లోపలి సరుకు బయటపడుతుంది. అక్కణ్ణుంచి డీఎన్ఏ నేరుగా కేంద్రకంలోకి చేరుతుంది.

నాకు బాగా ఆశ్చర్యం అనిపించేది దీని తర్వాత జరిగేదే. రొయ్య కణంలో స్టాట్ అనే ప్రొటీన్ ఉంది. శత్రువు వచ్చాడని కేంద్రకానికి కబురు చేరవేసి, రక్షణ జన్యువుల్ని లేపడం దాని పని. ఈ వైరస్ తన మొట్టమొదటి జన్యువుల్లో ఒకదాన్ని ఆ స్టాట్ చేతనే ఆన్ చేయించుకుంటుంది. అంటే కాపలావాడు కొట్టిన గంటకే దొంగ పని మొదలుపెడతాడన్నమాట. ఇక రొయ్య కణం తన పని మానేసి వైరస్ ప్రొటీన్లు తయారు చేస్తుంది, వైరస్ డీఎన్ఏకి కాపీల మీద కాపీలు పడతాయి. ప్రొటీన్ తొడుగు, కొవ్వు పొర, అన్నీ కేంద్రకం లోపలే అమరతాయి. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ కేంద్రకం ఉబ్బిపోయి ఉంటుంది. చివరికి కణం పగిలి కొత్త వైరస్‌లు పక్క కణాల మీద పడతాయి.

పెంకు కింద చర్మం ఇలా పాడైనప్పుడు కాల్షియం లవణాలు పెంకులో అడ్డదిడ్డంగా పేరుకుంటాయి. మనకి కనిపించే మచ్చలు అవే. వనామీలో ఒక్కోసారి మచ్చలే కనపడవు, ఎర్రబారి చచ్చిపోతుంది. కాబట్టి మచ్చల్లేవు కదా అని ధీమా వద్దు.

ఇప్పుడు బాబాయి పొడి సంగతి. యాంటీబయాటిక్ దెబ్బకొట్టేది బాక్టీరియా గోడనో, దాని ప్రొటీన్ల తయారీనో. వైరస్‌కి ఆ రెండూ లేవు. పని జరిగేదంతా రొయ్య సొంత కణంలో. పైగా నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాళ్లు దొరికితే అమెరికా, యూరప్‌లలో కంటైనర్లకి కంటైనర్లు తిప్పి పంపిస్తారు. మరి మనలా టీకా వెయ్యొచ్చు కదా అంటారేమో, రొయ్యకి మనలాగా యాంటీబాడీలు తయారుకావు. మచ్చ కనపడ్డాక మూడు నుంచి పది రోజుల్లో చెరువు మొత్తం పోవచ్చు.

ఇది 1992లో తైవాన్‌లో బయటపడింది. 1994-95 నాటికి మన తీరానికి వచ్చి టైగర్ రొయ్యని తుడిచిపెట్టింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక, ఫలానా రోగాలు లేవని తేల్చిన తల్లి రొయ్యల్ని చెన్నైలో క్వారంటైన్ చేసి హేచరీలకి ఇవ్వడం మొదలైంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ పిల్లకి వచ్చేటప్పుడు వైరస్ లేదనే అర్థం, రాదని కాదు. అన్నట్టు, కరోనాకి చాలా ముందే మా వైపు టీ కొట్టు దగ్గర పీసీఆర్ అనే మాట వినపడేది. పిల్లని పరీక్ష చేయించేది దాంతోనే.

మనం చెయ్యగలిగేదంతా వైరస్ కణాన్ని చేరకముందే. ఆ కొవ్వు పొర ఉంది చూశారూ, బ్లీచింగ్‌కి అది తట్టుకోలేదు. అందుకే పిల్ల వేసే ముందు చెరువు ఎండబెట్టి, నీళ్లకి బ్లీచింగ్ పెట్టేది. పీతలు రోగం లేకుండానే వైరస్‌ని మోస్తాయి, వాటికి గట్టు చుట్టూ అడ్డు కట్టాలి. కాకులు చచ్చిన రొయ్యని ఎత్తుకెళ్లి పక్క చెరువులో జారవిడుస్తాయి, వాటికి పైన వలో దారాలో. చలి రాత్రుల్లో మరీ జాగ్రత్త, నీళ్లు 32 డిగ్రీలు దాటితే ఈ వైరస్ జోరు తగ్గుతుంది గానీ జనవరిలో ఆ వేడి ఎక్కడిది? తినేవాళ్లు మాత్రం భయపడక్కర్లేదు, ఇది మనుషులకి రాదు.

ఇక ఆ రాత్రి. బాబాయి మిగిలిన రొయ్యని అయినకాడికి పట్టి అమ్మేసి, తూము ఎత్తేశాడు. నీళ్లన్నీ మురుగు కాలువలోకి వెళ్లాయి. టార్చి పట్టుకున్నది నేనే. చెరువు నీళ్లలో ఈ వైరస్ కనీసం మూడు నాలుగు రోజులు బతికే ఉంటుందని అప్పుడు నాకు తెలీదు. దిగువన ఇంకొకాయన అదే కాలువలోంచి మోటారుతో నీళ్లు తోడుకుంటాడని మాత్రం ఇద్దరికీ తెలుసు.

పది రోజులకి ఆయన చెరువూ పోయింది. ఆయన ఇంటికొచ్చి గొడవ పెట్టలేదు. అరుగు మీద కూర్చుని, "నీ చెరువుకి మచ్చ వచ్చిందని ఒక్క మాట చెప్తే మోటారు ఆపేవాణ్ణి కదరా తమ్ముడూ" అన్నాడు. బాబాయి తలెత్తలేదు. పిన్ని కాఫీ తెస్తే ఆయన తాగకుండా లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంకోసారి కూడా బాబాయికి మచ్చ తగిలింది. ఈసారి తూము ముట్టుకోలేదు. బ్లీచింగ్ పెట్టి వారం పైనే నీళ్లు నిలవ ఉంచాడు. మచ్చ చూసిన గంటలోనే ఆయనకి ఫోన్ చేశాడు. ఇప్పుడు ఇద్దరూ కలిసి ఒకే హేచరీ పిల్ల తెస్తున్నారు, ల్యాబ్ ఖర్చు చెరి సగం.