గండికోట ఫొటోలో లోయ ఎక్కడికి పోయింది?

పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన చోట, గండికోట అంచున నిలబడితే గుండె జల్లుమంటుంది. ఇంటికొచ్చి ఫొటో తెరిస్తే సగం ఆకాశం, సగం బండలు, మధ్యలో సన్నని చారలా లోయ. ఎవరికైనా చూపిస్తే ‘సూపర్’ అంటారు, లేదా ‘ఏదో తగ్గింది’ అంటారు. ఈ రెండు మాటల వల్లా తర్వాతి ఫొటో ఇసుమంతైనా బాగుపడదు. ఫొటో చూసి మాట చెప్పేవాళ్లు అడుగుల్లో, డిగ్రీల్లో చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు ఉన్న ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద 50 ఎం.ఎం. లెన్స్ అడ్డంగా 40 డిగ్రీల మేర చూస్తుంది. 24 ఎం.ఎం. అయితే 74 డిగ్రీలు, 16 ఎం.ఎం. అయితే 97. ఎక్కువ పడుతుంది కదా అని 16 బిగిస్తాం. కానీ సెన్సర్ అంతే ఉంది. ఎక్కువ దృశ్యం పట్టాలంటే ప్రతిదీ కుంచించుకోవాల్సిందే. కిలోమీటరు దూరంలో 300 అడుగుల కొండచరియ ఉందనుకోండి. 50 ఎం.ఎం.తో అది ఫ్రేము ఎత్తులో 19 శాతం ఉంటుంది. 16తో 6 శాతమే. ‘ఏదో తగ్గింది’ అన్నారే, తగ్గింది ఆ 13 శాతం.

సూర్యాస్తమయం సంగతీ ఇంతే. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. 16 ఎం.ఎం. ఫ్రేము నిండాలంటే దాదాపు 240 సూర్యుళ్లను పక్కపక్కన పేర్చాలి. 200 ఎం.ఎం.లో 19 మంది చాలు. కాబట్టి సూర్యుడే ముఖ్యమనుకుంటే సలహా ఒకటే: లెన్స్ మార్చండి.

మరి 16 లాంటి వైడ్ యాంగిల్ లెన్స్ దేనికి? దగ్గరున్నదాన్ని పెద్దది చేయడానికి. నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. అర మీటరు ఎత్తున్న రాయికి 4 మీటర్ల దూరంలో నిలబడితే, 16 ఎం.ఎం.లో ఆ రాయి ఫ్రేము ఎత్తులో 8 శాతం. కెమెరాను రాయి ఎత్తుకు దించి, మీటరు దూరానికి జరగండి. అదే రాయి 33 శాతం అవుతుంది. కిలోమీటరు అవతలి కొండచరియ మాత్రం 6 శాతం దగ్గరే ఉంటుంది, మనం జరిగిన 3 మీటర్లు దానికొక లెక్క కాదు. ఇప్పుడు చూసేవాడి కన్ను రాయి మీద కాలు మోపి లోయ దాకా నడుస్తుంది. ‘ముందుభాగం ఖాళీగా ఉంది’ అనే విమర్శ సరైనదే, కానీ సగం మాట. ‘ఆ రాయి దగ్గరికి మూడు మీటర్లు వెళ్లి, వంగి తీయండి’ అంటే పూర్తి మాట.

అంత దగ్గరి రాయి మసకబారదా అని అనుమానం వస్తుంది. మసకబారదు. 16 ఎం.ఎం. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కి పెట్టి 80 సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 40 సెంటీమీటర్ల నుంచి అనంతం వరకు మామూలు ప్రింటుకు సరిపడా స్పష్టంగా ఉంటుంది. అదే 50 ఎం.ఎం.కి 7.6 మీటర్ల దగ్గర ఫోకస్ చేయాలి, 3.8 మీటర్లలోపు ఉన్నది మసకే. ఇంకా స్పష్టత కావాలని ఎఫ్/22కి పోవద్దు, సన్నటి రంధ్రం దాటేటప్పుడు కాంతి చెదిరి ఫొటో మొత్తం మెత్తబడుతుంది.

వంకర క్షితిజం గురించి చెప్పేటప్పుడూ అంకె వాడండి. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఒక్క డిగ్రీ ఒరిగితే ఈ చివరకూ ఆ చివరకూ 105 పిక్సెళ్ల తేడా. నీళ్లు ఒలికిపోతున్నట్టు కనిపించేది అందుకే. పోలరైజర్ ఫిల్టరు బిగించి తీసిన ఫొటోలో ఆకాశం ఒకవైపు ముదురు నీలం, మరోవైపు తెలుపుగా ఉంటే తప్పు ఎడిటింగ్‌ది కాదు. ఆ ఫిల్టరు సూర్యుడికి 90 డిగ్రీల పక్కన బలంగా పనిచేస్తుంది, అటూఇటూ పోయేకొద్దీ తగ్గుతుంది. 97 డిగ్రీల ఫ్రేములో ఆ తేడా దాచలేం. తీసేసి మళ్లీ తీయమనండి.

చివరిగా ఒక మనవి. వైడ్ యాంగిల్‌లో దూరాలు ఉన్నవాటికంటే ఎక్కువగా కనిపిస్తాయి. లోయ అంచు ఇంకా చాలా దూరం ఉందనిపిస్తుంది. ‘ఇంకాస్త ముందుకు’ అని మీరిచ్చే సలహా రాయి వైపు నడవమని, లోయ వైపు కాదని విడమరిచి చెప్పండి. కాలు కదిపే ముందు కెమెరా నుంచి కన్ను తీసి నేల చూసుకోమనండి.